వంశవృక్షాల సంఘం పెట్టబోతున్న మా అమ్మాయికి

గుంటూరు, బ్రాడీపేట

చి.ల.సౌ. అమ్మాయికి, బాబాయి ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన కాగితం చూశాను. సంఘం పేరు బాగుంది, లోగోలో మర్రిచెట్టూ బాగుంది. అధ్యక్షుడు, ఇద్దరు ఉపాధ్యక్షులు, గౌరవ సలహాదారులు అంటూ రాసిన జాబితా చూస్తే మాత్రం నవ్వొచ్చింది. అందులో పని చేసేవాళ్ళ పేర్లు ఎక్కడా కనపడలేదు. తాలూకా ఆఫీసు రికార్డు గదిలో దుమ్ము పీల్చినవాణ్ణి, రిటైరయ్యాక ఇక్కడ నలుగుర్ని పోగేసి ఇదే పని చేస్తున్నవాణ్ణి కాబట్టి నన్ను సలహా అడిగావు. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుందని రాస్తున్నాను.

ముందు రిజిస్ట్రేషన్ తొందర మానుకో. మన రాష్ట్ర 2001 సొసైటీల చట్టం ప్రకారం ఏడుగురు సభ్యులుంటే చాలు, ఎప్పుడైనా చేయించుకోవచ్చు. ఆ ఏడుగురూ నాలుగో నెల కూడా వస్తారా లేదా అన్నది తేలనీ. ఖాతాలు, ఆడిట్లు, ఏటేటా జాబితాలు దాఖలు చేయడం, ఆ టెన్షన్ అంతా ఇప్పుడే ఎందుకు? సమావేశం ఎవరింట్లోనూ పెట్టొద్దు. ఎవరింట్లో పెడితే వాళ్ళ చుట్టాలే వస్తారు. ఏదో ఒక గ్రంథాలయంలో, ఆదివారం పొద్దున రెండు గంటలు చాలు. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టిన ఊరు మీ బెజవాడ. వెళ్ళి మర్యాదగా అడిగితే ఒక బల్ల, పది కుర్చీలు ఇవ్వకపోరు.

ఇక అసలు సంగతి. వంశవృక్షం అనగానే ఎదుటివాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, "ఏ కులం వాళ్ళదమ్మా మీ సంఘం?" అని. దీనికి జవాబు మొదటి రోజే చెప్పకపోతే ఆరు నెలల్లో ఎవరో ఒకరి కుల సంఘానికి మీరు తోకైపోతారు. కుల సంఘాల మీద నాకు కోపమేం లేదు. వాళ్ళు అచ్చువేసిన డైరెక్టరీల్లో ఇంటిపేర్లు, గోత్రాలు, ఊళ్ళు బోలెడు ఉంటాయి, అరువు తెచ్చుకుని వాడుకో. మీరు మాత్రం అందరి సంఘంగానే ఉండాలి. ఇది నీతి కోసం చెబుతున్నది కాదు. కాగితాలే కలగలిసి ఉన్నాయి, అందుకు.

1860ల నాటి ఇనాం రిజిస్టరు ఒక్క ఊరిది తీసి చూడు, నీకే తెలుస్తుంది. మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ వేసి ఊరూరా ఉన్న మాన్యాలన్నీ, అంటే శిస్తు లేకుండానో తక్కువ శిస్తుకో ఇచ్చిన భూములన్నీ విచారించి రాయించిన పుస్తకాలవి. ఈ భూమి ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, ఎందుకిచ్చారు, ఇప్పుడు ఎవరి అనుభవంలో ఉంది, వాళ్ళ వయసెంత, మొదట పుచ్చుకున్నవాడికి వీళ్ళేమవుతారు అని గళ్ళు గళ్ళుగా ఉంటుంది. కరణం మాన్యం, పురోహితుడి మాన్యం ఉన్న పుస్తకంలోనే మంగలి మాన్యం, చాకలి మాన్యం, కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, వెట్టి మాన్యాలూ ఉంటాయి. "మాకు చరిత్ర ఎక్కడిదండీ, తాత పేరు తప్ప తెలీదు" అనుకునే ఇంట్లోని మనిషికి, ముత్తాత తండ్రి పేరు, వయసుతో సహా ఇందులో దొరికే వీలుంది. అంతా గొలుసుకట్టు ఇంగ్లీషు రాత, మన ఊరి పేర్లు వాళ్ళకు నోరు తిరిగినట్టు రాసుకున్నారు. అలవాటు పడేదాకా కళ్ళు లాగుతాయి. ఒకరు ఒక ఊరి రిజిస్టరు చదివి తెలుగులో ఎత్తి రాస్తే, ఆ ఊరి కులాలన్నిటికీ పని జరిగినట్టే. సంఘం చేయాల్సింది ఇలాంటి పని. ఎవరి చెట్టు వాళ్ళు గీసుకోవడానికి సంఘం ఎందుకు?

అందుకే మీ దగ్గర ఉండాల్సిన ఆస్తి ఒక్కటే పుస్తకం. ఎవరి దగ్గర, ఏ ఊళ్ళో, ఏ కాగితం ఉంది, దాన్ని చూడాలంటే ఎవరిని అడగాలి, ఎవరు ఎప్పుడు చూశారు. అంతే. కాగితాలు పోగేసి బీరువా కొనే ఆలోచన పెట్టుకోకు. బీరువా అంటే తాళం, తాళం అంటే పెత్తనం. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు కాలం చేశాక వాళ్ళ పిల్లలు పాత పేపర్లతో కలిపి తూకానికి వేస్తారు. అసలు కాగితం ఏ ఇంటిదో ఆ ఇంట్లోనే ఉండాలి. ఫొటో మనకు, ఒక ప్రింటు వాళ్ళకు, ఒక కాపీ వేరే ఊళ్ళో ఉన్న సభ్యుడి దగ్గర. మీది కృష్ణ ఒడ్డు, వరదొచ్చినా ఒక కాపీ మిగలాలి.

కాగితం ఇంటివాళ్ళ దగ్గరే ఉంచుతామని ముందే చెప్పడంలో ఇంకో లాభం ఉంది. మన వైపు పాత కాగితం అడిగితే జనానికి వచ్చే మొదటి అనుమానం పొలం గురించే. అమరావతి కోసం 2015లో భూసమీకరణ జరిగాక ఈ అనుమానం ఇంకా ముదిరింది, తప్పు పట్టలేం. ఎకరం విలువ అలా పెరిగిన చోట ఎవరో వచ్చి "మీ తాతగారి దస్తావేజు చూపిస్తారా" అంటే ఎవరు చూపిస్తారు? అందుకని పొలం కాగితాలతో మొదలుపెట్టొద్దు. శుభలేఖలతో మొదలుపెట్టు. పాత పెళ్ళి ఫొటో, చదివింపుల పుస్తకం, ఇవి అడిగితే ఎవరూ భయపడరు, పైగా మంచం కింద పెట్టె లాగి మరీ చూపిస్తారు.

చదివింపుల పుస్తకం సంగతి చాలామందికి తట్టదు. నాలుగు మూలలా పసుపు రాసి, మొదటి పేజీలో శ్రీరస్తు రాసిన రూళ్ళ నోటుబుక్కు. వరసగా పేరు, ఊరు, ఇచ్చింది. ఫలానా ఊరి ఫలానావారు, రెండు రూపాయలు. పెళ్ళికూతురి మేనమామ, వెండి కుంకుమ భరిణె. పెదముత్తేవి అత్తయ్య, రవికెల గుడ్డ, రూపాయి. ఏ ఊళ్ళతో వియ్యాలున్నాయో, ఎవరితో రాకపోకలు ఉండేవో ఇంతకంటే తేటగా చెప్పే కాగితం ఇంకోటి లేదు. తారీఖు లేకపోయినా లెక్కలో అణాలుంటే 1957లో నయాపైసలు రాకముందుదో, వచ్చాక పాత అలవాటు పోని కొద్ది ఏళ్ళదో అని అంచనా వేయొచ్చు. అన్నిటికంటే ముఖ్యం, ఆడవాళ్ళ పేర్లు ఇందులో ఉంటాయి. పట్టాల్లో, ఏ పొలం ఎవరి సాగులో ఉందో రాసే అడంగళ్ళలో మగవాళ్ళ పేర్లే. దావాల్లో ఆడవాళ్ళు కనిపిస్తే ఫలానావారి భార్య, ఫలానావారి విధవ అని. మనం గీసిన చెట్టులో సగం కొమ్మలు బోడిగా ఉండటానికి కారణం ఇదే.

కాబట్టి ప్రతి ఇంట్లో మామ్మని, అమ్మమ్మని ముందు పట్టుకో. తాతయ్య ముందు కూర్చోపెట్టి అడగకు, ఆయన నోరు విప్పితే ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోతుంది. తద్దినం పెట్టే ఇళ్ళల్లో ఇంకో దారి ఉంది. తండ్రి, తాత, ముత్తాతలతో పాటు తల్లి, నాయనమ్మ, ఆవిడ అత్తగారి పేర్లూ చెప్పాలి, తల్లి తరఫు తాతలనూ తలుచుకోవాలి. కర్త మరిచిపోయినా పురోహితుడి చిన్న పుస్తకంలో రాసుంటాయి. మహాలయ అమావాస్యకు ముందు రోజుల్లో ఆయన్ని కలిస్తే ఆ పుస్తకం చేతిలోనే ఉంటుంది.

తారీఖుల గొడవ అందరికీ మొదట్లోనే నేర్పించాలి. పెద్దవాళ్ళు సంవత్సరం పేరు చెబుతారు, మన పిల్లలు నోరు తెరుస్తారు. ఒక మామ్మ "మా నాన్న రక్తాక్షిలో, మార్గశిరంలో పుట్టాడట" అంటే ఏం చేస్తావ్? పేర్లు అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తాయి. 1984లో మొదలైంది రక్తాక్షి, దానికి ముందుది 1924, దానికి ముందుది 1864. మామ్మకు ఎనభై లోపైతే వాళ్ళ నాన్న పుట్టింది 1924. మార్గశిరం కాబట్టి ఆ ఏడు చివరే. అదే మాఘమో ఫాల్గుణమో అయితే ఉగాది ఇంకా రాలేదు కనుక 1925లోకి పోతుంది. ఆవిడ చెప్పేది ముత్తాత గురించైతే "బందరు ఉప్పెన ఏడే పుట్టాడంటారు" లాంటి మాట ఏదైనా ఉందేమో తవ్వు. 1864 నవంబరు 1న వచ్చిన ఆ ఉప్పెన కూడా రక్తాక్షిలోనే. అలాగే నందన కరువంటే 1832-33, మన గుంటూరు సీమను తుడిచిపెట్టింది. ధాత కరువంటే 1876. ఆ కరువుల్లో ఊళ్ళకు ఊళ్ళు కదిలిపోయాయి, ఇంటిపేరు ఒక ఊరిది, ఉండేది ఇంకో ఊరు కావడానికి అది కూడా ఒక కారణం. రెవెన్యూ కాగితాల్లోని ఫసలీ లెక్క సులువు, 590 కలపడమే. ఫసలీ 1310 అంటే 1900 జూలైలో మొదలై 1901 జూన్‌తో అయిపోయిన ఏడాది.

జిల్లాల గందరగోళం దీనికంటే పెద్దది. "మాది గుంటూరు జిల్లాయే కదండీ, ఇక్కడ రికార్డు ఎందుకు లేదు?" అని వచ్చి పోట్లాడతారు. 1859లో గుంటూరు జిల్లాను రద్దుచేసి బందరు జిల్లాతో కలిపి కృష్ణా జిల్లా చేశారు. మళ్ళీ 1904లో విడదీస్తూ నెల్లూరు నుంచి ఒంగోలు తెచ్చి గుంటూరులో కలిపారు. 1970లో ఒంగోలు, చీరాల, అద్దంకి వైపు పోయి తరవాత ప్రకాశం అనిపించుకున్న జిల్లాలో చేరాయి. 2022లో పల్నాడు, బాపట్ల విడిపోయాయి, మీ బెజవాడ ఎన్టీఆర్ జిల్లా అయింది. అంటే 1880 నాటి నరసరావుపేట కాగితం కావాలంటే కృష్ణా జిల్లా పేరు మీద వెతకాలి. పాత కలెక్టరేట్ల ఉత్తర ప్రత్యుత్తరాలు కొన్ని చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఈ మార్పులన్నీ ఒక్క పేజీలో అచ్చువేయించి వచ్చినవాళ్ళందరికీ ఇవ్వు. మిగతా ఏం చేయకపోయినా ఈ ఒక్క పేజీకే నీకు దండం పెడతారు.

ఊరి లెక్కల సంగతి తెలిసిందే. 1984లో కరణాలు, మునసబుల వ్యవస్థ ఎత్తేసినప్పుడు పుస్తకాలు ఆఫీసులకు అప్పజెప్పమన్నారు. కొన్ని వెళ్ళాయి, కొన్ని అటకల మీదే ఉండిపోయాయి. అలాంటి ఇంటికి వెళ్ళినప్పుడు "ప్రభుత్వ రికార్డు మీ దగ్గరెందుకుంది" అన్న ధ్వని నీ గొంతులో వినపడిందో, ఆ కట్ట ఇంకెప్పుడూ కనపడదు. తాళపత్రాలైనా కాగితాలైనా విప్పేటప్పుడు వాళ్ళ చేతే విప్పించు. వరండాలో, నీడలో, పగటి వెలుతురులో ఫొటో తియ్యి, ఫ్లాష్ వద్దు. చిరిగినదానికి సెల్లోటేపు అంటించొద్దని, లామినేషన్ చేయించొద్దని ప్రతి ఇంట్లోనూ చెప్పు. చెద తిన్న కాగితమైనా కొంత మిగులుతుంది, లామినేషన్ చేసినదాన్ని ఇక బాగుచేయలేం.

నోటితో వంశం మోసినవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళను మరిచిపోయి కాగితాల చుట్టూనే తిరగడం చదువుకున్నవాళ్ళ జబ్బు. రైతు కులాల గోత్రాలు, వంశాలు చెప్పే పిచ్చిగుంట్లవాళ్ళు, భట్రాజులు, పద్మశాలీలకు సాధనాశూరులు, మాదిగలకు డక్కలివాళ్ళు. ఏటా వచ్చి వంశం చెప్పి తమకు రావాల్సింది పుచ్చుకుపోయేవాళ్ళు. ఇప్పుడు రాకపోకలు బాగా తగ్గాయి. దొరికితే మీ కుటుంబం ముక్క ఒక్కటే రికార్డు చేసుకుని పంపేయకు, మొదటి నుంచి చివరి దాకా చెప్పించు. డబ్బు ఇవ్వు. వకీలుకి, డాక్టరుకి ఇచ్చినట్టే ఫీజుగా ఇవ్వు, దానంగా కాదు. రికార్డింగు కాపీ కూడా వాళ్ళకు ఒకటి ఇవ్వాలి, అది వాళ్ళ విద్య.

చర్చి రిజిస్టర్లు మన వైపు పెద్ద నిధి. గుంటూరులో లూథరన్ మిషన్ 1842లో మొదలైంది. బాప్తిస్మం, పెళ్ళి, సమాధి పుస్తకాలు పాత సంఘాల్లో ఉంటాయి. భూమి లేని కుటుంబాలు, వేరే ఏ పట్టాలోనూ కనపడనివాళ్ళు, ఇక్కడ తల్లిదండ్రుల పేర్లతో సహా కనపడతారు. పాస్టరుగారి అనుమతి లేకుండా పేజీ తిప్పొద్దు. ముస్లిం కుటుంబాలకైతే ఖాజీగారి నిఖానామాల పుస్తకాలు.

కోర్టుల్లో పంపకాల దావాలు ఉన్నాయే, వాటిల్లో వంశవృక్షం దాదాపు తప్పనిసరి. అన్నదమ్ములు కొట్టుకున్న పుణ్యమా అని మనకు నాలుగు తరాలు వరసగా దొరుకుతాయి. పాత హైకోర్టు తీర్పులు అచ్చులో ఉన్నాయి. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో స్థిరాస్తి దస్తావేజుల ఒకటో పుస్తకాన్ని ఎవరైనా ఫీజు కట్టి చూడొచ్చు, 1908 చట్టం 57వ సెక్షన్‌లోనే ఉంది. వీలునామాల మూడో పుస్తకం మాత్రం రాసినవాళ్ళు పోయాకే ఇతరులకు కాపీ ఇస్తారు. కుర్రాళ్ళు వెళ్ళేటప్పుడు ఈ సెక్షన్ నంబరు జేబులో పెట్టుకెళ్ళమను, కౌంటర్ దగ్గర వాదన తగ్గుతుంది.

ఇలా దొరికినవన్నీ ఒకే నమ్మకంతో రాయకూడదు. ప్రతి పద్దు పక్కన మూడింట్లో ఒక మాట ఉండాలి. చూసింది, విన్నది, అనుకున్నది. "మావాళ్ళు కొండవీటి రెడ్డిరాజుల దగ్గర సేనాపతులండీ" అని ప్రతి సమావేశంలోనూ ఎవరో ఒకరు అంటారు. ఎదురు చెప్పకు, నవ్వకు. "విన్నది" అని రాసి, ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో పక్కన వేసుకో. అలాగే "తాతగారు పెదనందిపాడు పన్నుల నిరాకరణలో జైలుకెళ్ళారు" అంటే 1921-22 నాటి మాట కాబట్టి కాగితం ఉండే అవకాశం ఉంది. 1972 తరవాత స్వాతంత్ర్య సమరయోధుల పింఛనుకు పెట్టుకుని ఉంటే ఆ ఫైల్లో జైలు సర్టిఫికెట్టు జతపరిచి ఉంటారు, అడుగు. తాతకూ మనవడికీ ఒకే పేరు పెట్టే అలవాటు మనది కదా, పేరుతో పాటు తరం అంకె వేయకపోతే ఇద్దరూ ఒకరైపోతారు. దత్తత వెళ్ళినవాళ్ళకు, ఇల్లరికం వచ్చినవాళ్ళకు రెండు ఇంటిపేర్ల కిందా పద్దు వెయ్యి.

చెప్పకూడనివి కూడా దొరుకుతాయి. రెండో సంసారాలు, ఇంట్లో మరెవరికీ తెలియని దత్తతలు. కొన్ని కుటుంబాలకు పాత రికార్డే గాయం. స్టువర్టుపురం లాంటి సెటిల్మెంట్లలో పెట్టినవాళ్ళను నేరస్త జాతుల చట్టం కింద పుట్టుకతోనే రిజిస్టరులో ఎక్కించారు. దేశమంతటా ఆ చట్టం పూర్తిగా పోయింది 1952లోనే. ఆ ఇంటివాళ్ళు తమంతట తాము వచ్చి అడిగితే తోడు వెళ్ళు, వాళ్ళ తరఫున నువ్వు వెతికి బయటపెట్టకు. దేవదాసీ కుటుంబాల్లో వంశం తల్లి నుంచి కూతురికి నడుస్తుంది, నీ ఫారంలో తండ్రి గడి ఖాళీ ఉందని గుచ్చి గుచ్చి అడగొద్దు. ఆ మాటకొస్తే ఫారంలో తల్లి గడే ముందు పెట్టు. బతికున్నవాళ్ళ పుట్టినరోజులు, ఫోన్లు, ఆధార్‌లు గ్రూపులో పెట్టకూడదన్నది మొదటి నిబంధన. ఒకసారి చెప్పు, రెండోసారి గ్రూపులోంచి తీసెయ్యి. మొహమాటపడకు.

డబ్బు విషయం చిన్నది. జిరాక్సు ఖర్చు, ప్రయాణం ఖర్చు సభ్యులు పంచుకోవాలి. సమాచారానికి ధర పెట్టొద్దు. ఎవరైనా పెద్దమనిషి వచ్చి "మా వంశ చరిత్ర పుస్తకం వేయించండి, ఖర్చు నాది" అంటే విడిగా చేసుకోమను, సంఘం పేరు వాడుకోనివ్వకు. ఇంటర్నెట్టులో ఫ్యామిలీసెర్చ్ అని ఉచితంగా చూసే చోటుంది, హరిద్వారం లాంటి తీర్థాల్లో యాత్రికుల వంశాలు రాసుకునే పండాల పుస్తకాలు అందులో కొన్ని ఎక్కించారు. మనవాళ్ళకు కాశీ, గయ పండాలే ఎక్కువ పనికొస్తారు. ఎవరు కాశీ వెళ్తున్నా ఇంటిపేరు, గోత్రం, ఊరు రాసిచ్చి పంపించు. పాత పత్రికలు తిరగేయాలంటే వేటపాలెం సారస్వత నికేతనం, 1918 నుంచీ ఉంది. ఒక శనివారం అందరూ కలిసి వెళ్ళిరండి. చీరాలలో దిగితే దగ్గరే. డీఎన్ఏ పరీక్షల గురించి అడిగావు. ఉబలాటం ఉన్నవాళ్ళు చేయించుకుంటారు, సంఘానికి దాంతో పని లేదు.

2028లో కృష్ణా పుష్కరాలు. పిండ ప్రదానానికి వచ్చే ప్రతి కుటుంబం తమ మూడు తరాల పేర్ల కోసం తడుముకుంటుంది. ఒకే కాగితం, రెండు వైపులా తల్లి తరఫు, తండ్రి తరఫు గళ్ళతో అచ్చువేయించి పుష్కరాలకు ముందే ఊళ్ళల్లో పంచితే ఇంట్లో పెద్దవాళ్ళు బతికుండగానే నింపుకుంటారు. ఆ పని మీది, మాది కలిపి చేద్దాం.

మొదటి సమావేశానికి ఉపన్యాసాలు పెట్టకు. వచ్చేవాళ్ళను తలా ఒక పాత కాగితం తెమ్మను, ఏదైనా సరే. మన ఇంట్లో మీ నాన్న పెళ్ళి చదివింపుల పుస్తకం మీ పిన్ని బీరువాలో ఉంది. రెండో ఆదివారం వచ్చి ఫొటోలు తీసుకుని వెళ్ళు, మీ పుస్తకంలో ఒకటో పద్దు అదే వేసుకోవచ్చు. నలభయ్యో పేజీ తరవాత చేతిరాత మారుతుంది, అది ఎవరిదో మీ మేనత్తకు తప్ప ఎవరికీ తెలీదు. వచ్చేముందు ఆవిడకు ఫోన్ చేసి ఉంచు.

ఇట్లు
మీ బాబాయి